ట్రైనింగులో టీచర్లు ఎందుకు నిద్రపోతారంటే

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో టీచర్ల శిక్షణ మీద ఒక వ్యాఖ్య వచ్చింది. ఇంత ఖర్చు పెట్టి ట్రైనింగులు ఇప్పిస్తుంటే టీచర్లు వెనక వరసల్లో కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారని, భోజనాలయ్యాక కునుకు తీస్తున్నారని రాశారు. చదివితే కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఎందుకంటే నేనూ నిద్రపోయాను. గోడకి తల ఆనించి, సంతకాల షీటు ఒళ్లో పెట్టుకుని, శుభ్రంగా 20 నిమిషాలు. కానీ ఎందుకు నిద్రపోయానో మీ వ్యాఖ్యలో లేదు, అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది. కత్తిరించుకుంటే మీ ఇష్టం, చివర్లో వచ్చే పండితుడు గారి సంగతి మాత్రం ఉంచండి.

నా గురించి రెండు ముక్కలు. పుట్టింది నెల్లూరు జిల్లాలో, పెళ్లయ్యాక చెన్నై వచ్చాను, ఉత్తర చెన్నైలో ఒక ఎయిడెడ్ స్కూల్లో 21 ఏళ్లుగా తెలుగు చెప్తున్నాను. మా పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కాకపోతే అందులో పావు వంతు తమిళం కలిసి ఉంటుంది, అది తప్పని నేననుకోను, మా ఇంట్లోనూ అంతే.

మీరు రాసినటువంటి ట్రైనింగు ఒకటి చెప్తాను. మూడు రోజులు. హాల్లో 60 మందిమి. ఒకటో తరగతికి చెప్పేవాళ్లు, పదో తరగతికి చెప్పేవాళ్లు, లెక్కల సారు, పీఈటీ సారు, ఆ జూన్‌లోనే ఉద్యోగంలో చేరిన అమ్మాయి, వచ్చే ఏడాది రిటైరయ్యే ఆవిడ, అందర్నీ ఒకే గాట కట్టేశారు. పొద్దున్నే ఎనర్జైజర్ అని చెప్పి లేపి ఎగిరించారు, మోకాళ్ల నొప్పులతో ఉన్న ఆ పెద్దావిడ కూడా ఎగిరింది పాపం. తర్వాత ప్రొజెక్టర్ మీద పీపీటీ. అందులో మూడో స్లైడు ఏంటో తెలుసా? తరగతిలో ప్రతి పిల్లవాడి స్థాయి వేరు, అవసరం వేరు, అది గుర్తించి బోధించాలి అని. దాన్ని 60 మందికీ ఒకేసారి, ఒకే గొంతుతో, తెర మీద ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించారు. పక్కనున్న లెక్కల సారు నా నోట్‌బుక్ లాక్కుని అంచున పెన్సిల్‌తో రాశాడు: మనం ఈ లెక్కలోకి రామా టీచర్?

టీ టైములో ఆ రిసోర్స్ పర్సన్‌తో మాట్లాడాను. మాకు ట్రైనింగు ఇచ్చేవాళ్లని అలా అంటారు, పొట్టిగా ఆర్పీ. మంచి మనిషి, ఆయనా టీచరే, ఇలా చదివి వినిపించడం ఆయనకీ ఇష్టం లేదు. "ఏం చెయ్యమంటారు మేడం, పదకొండున్నరకల్లా రెండో సెషన్ ఫోటో అప్‌లోడ్ చెయ్యాలి. నేను మీతో కూర్చుని మీ క్లాసు కబుర్లు విన్నాననుకోండి, స్లైడు దాటదు, ఫోటో వెళ్లదు, సాయంత్రం నాకు ఫోన్ వస్తుంది" అన్నాడు. ఆయనకి జిల్లాలో ట్రైనింగు ఇచ్చారు, జిల్లా వాళ్లకి రాష్ట్రంలో ఇచ్చారు, అక్కణ్నుంచి ఇక్కడిదాకా అదే పీపీటీ దిగివచ్చింది. పై మెట్టు మీద చిక్కటి పెరుగే అయ్యుంటుంది. మెట్టు మెట్టుకీ కాసిని నీళ్లు పోసుకుంటూ వస్తే మా బ్లాకు దగ్గరికి వచ్చేసరికి పల్చటి మజ్జిగ. అందులో మళ్లీ ఒకరికి ఉప్పు కావాలి, ఒకరికి వద్దు, అడిగేవాళ్లు లేరు. మధ్యాహ్నం సాంబారన్నం, పెరుగన్నం తిని వచ్చి ఆ ఫ్యాను కింద కూర్చుంటే నిద్ర రాక ఏమొస్తుంది చెప్పండి?

నాకు ఒళ్లు మండేది ఏంటంటే, ఎవరి అవసరాన్ని బట్టి వాళ్లకి నేర్పడం అనే విద్యలో చెన్నై ఎప్పుడో అడుగు వేసింది, దాని వేరు తెలుగు నేలలో ఉంది కూడా. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ స్కూలు వాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు నడిపేవారు. ఒకే టీచరు, ఒకే గది, నాలుగైదు తరగతుల పిల్లలు. అందుకని పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి నిచ్చెన మెట్లలా పేర్చారు. ఏ పిల్ల ఏ మెట్టు మీదుందో అక్కణ్నుంచే తన కార్డు తీసుకుని ముందుకెళ్తుంది, పక్కవాడికోసం ఆగక్కర్లేదు, పక్కవాడి వెనక పరుగెత్తక్కర్లేదు. అది చూసి, 2003లో అప్పటి చెన్నై కార్పొరేషన్ కమిషనర్ ఎం.పి. విజయకుమార్ ఇక్కడి కార్పొరేషన్ స్కూళ్లలో ఏబీఎల్ (యాక్టివిటీ బేస్డ్ లెర్నింగ్) అని మొదలుపెట్టించారు. 2007-08 నాటికి రాష్ట్రమంతా పాకింది. గోడల అడుగున పిల్లల ఎత్తుకి నల్లబోర్డులు వేయించారు, పిల్లలు చాపల మీద గుంపులుగా కూర్చునేవాళ్లు, కార్డుల మీద రకరకాల బొమ్మల గుర్తులు. నాకు ఆ గదులంటే ఇష్టం, ఇప్పటికీ కొన్ని స్కూళ్లలో ఆ కింది బోర్డులు కనిపిస్తే చెయ్యి పెట్టి తడుముతాను.

ఆ ఏబీఎల్ ట్రైనింగుకి నేనూ వెళ్లాను. ఎవరి వేగంతో వాళ్లు నేర్చుకోవాలి అనే సంగతి మాకు ఎలా నేర్పారంటే, కుర్చీలు వరసగా వేసి, అందరికీ ఒకే వేగంతో.

తర్వాత కరోనా వచ్చి దాదాపు రెండేళ్లు బడులు మూతపడ్డాయి, పిల్లలు చాలా వెనకబడ్డారు. 2022 జూన్‌లో తమిళనాడు ప్రభుత్వం 'ఎణ్ణుం ఎళుత్తుం' మొదలుపెట్టింది. అంటే అంకెలూ అక్షరాలూ అని. 2025 నాటికి ఎనిమిదేళ్ల లోపు పిల్లలందరికీ చదవడం, రాయడం, చిన్న లెక్కలు రావాలని లక్ష్యం. అందులో పిల్లల్ని మూడు స్థాయిలుగా చూస్తారు: అరుంబు, మొట్టు, మలర్. చిన్న మొగ్గ, విచ్చబోయే మొగ్గ, పువ్వు. పేర్లు ఎంత ముద్దుగా ఉన్నాయో చూడండి, వెనకబడ్డావు అని ఎవర్నీ అనక్కర్లేదు. ఆరేళ్ల పిల్లకి ఈ మర్యాద ఇస్తున్నాం కదా, 26 ఏళ్ల టీచర్నీ 58 ఏళ్ల టీచర్నీ మాత్రం ఒకే కుండలో పోసి ఉడికిస్తాం. మాలో అరుంబులు లేరా? కేంద్రం 2020లో తెచ్చిన జాతీయ విద్యా విధానంలో ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ పొందాలని ఉంది. మా రాష్ట్రం ఆ విధానాన్ని ఒప్పుకోలేదు, ఆ గొడవ వేరు, కానీ ఇక్కడి సీబీఎస్ఈ స్కూళ్లలో పనిచేసే నా స్నేహితురాళ్లు ఆ 50 గంటలు పూర్తి చెయ్యడానికి తలకిందులవుతుంటారు. తమాషా ఏంటంటే ఆ విధానంలో అదే వాక్యంలో, టీచర్ల సొంత ఆసక్తిని బట్టి ఆ శిక్షణ సాగాలని కూడా ఉంది. 50 అనే అంకె పై నుంచి కిందిదాకా చెక్కుచెదరకుండా వచ్చింది. ఆసక్తి అన్న మాట దారిలో ఎక్కడో జారిపోయింది.

ఇంతవరకూ చదివి, విమర్శించడం ఎవరికైనా సులువేనమ్మా అంటారేమో. చేసి చూపించడం ఎంత కష్టమో నాకూ తెలీదు, పోయిన ఎండాకాలం సెలవుల దాకా. అప్పుడు ఇక్కడి తెలుగువాళ్లు కొందరు కలిసి, చెన్నైలో తెలుగు చెప్పేవాళ్లకి రెండు రోజుల వర్క్‌షాప్ పెడదాం, నువ్వు నడిపించమ్మా అన్నారు. నోరు ఉన్నందుకు శిక్ష.

28 మంది పేర్లిచ్చారు. ఆ జాబితా చూసి గుండె గుభేలుమంది. ఎందుకంటే చెన్నైలో తెలుగు టీచరు అంటే ఒక రకం మనిషి కాదు. 2006లో తమిళనాడు ప్రభుత్వం బడుల్లో తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏడాదికొక తరగతి చొప్పున పైకెక్కి, 2015-16లో ఆ పిల్లలు పదో తరగతి పరీక్షలకొచ్చారు. మొదటి భాష స్థానంలో తమిళం, తెలుగు చివరన నాలుగో భాగంలో ఐచ్ఛికం, అంటే ఇష్టమైతే చదువుకోవచ్చు. తమిళం నేర్చుకోవద్దని నేననడం లేదు, ఇక్కడ బతికేవాళ్లకి తమిళం రాకపోతే ఎలా? కానీ దానివల్ల తెలుగు టీచర్ల బతుకులు నాలుగు దారులయ్యాయి. పాతకాలం తెలుగు మీడియం పండితులు ఒక దారి. సీబీఎస్ఈ స్కూళ్లలో వారానికి రెండు పీరియడ్లు మూడో భాషగా, ఇంట్లో తెలుగు మాటే వినని పిల్లలకి చెప్పేవాళ్లు ఒక దారి. మూడు తరగతుల్ని ఒకే గదిలో కూర్చోబెట్టుకుని తెలుగుతో పాటు అన్నీ చెప్పే చిన్న స్కూలు టీచర్లు ఒక దారి. ఓఎంఆర్ (సాఫ్ట్‌వేర్ కంపెనీలున్న పాత మహాబలిపురం రోడ్డు) వైపు అపార్ట్‌మెంట్లలో శని, ఆదివారాలు పిల్లల్ని పోగేసి అక్షరాలు దిద్దించే సాఫ్ట్‌వేర్ ఉద్యోగినులు ఇంకో దారి, వీళ్లకి జీతం లేదు, ఓపిక మాత్రం మా అందరి కంటే ఎక్కువ.

నేను తెలివిగా ముందే ఒక ఫారం పంపాను. మీ అవసరం ఏమిటి, మీరు ఏం నేర్చుకోవాలనుకుంటున్నారు, అని. వచ్చిన జవాబులు చూడాలి మీరు! అందరూ ఒకటే రాశారు: ఆధునిక బోధనా పద్ధతులు, సృజనాత్మకత, టెక్నాలజీ వినియోగం. ఫారంలో పేరు, స్కూలు పేరు రాయమన్నాక ఏ టీచరైనా ఇంకేం రాస్తుంది? నాకు ఇది రాదు అని సంతకం పెట్టి ఇచ్చేంత అమాయకులు ఎవరూ లేరు మాలో. నేనైనా రాయను.

ఆ ఫారాలు పట్టుకుని నేను చేసిన తెలివితక్కువ పని ఇంకోటుంది. మొదటి రోజు పొద్దున అందర్నీ సర్వీసు ప్రకారం విడగొట్టాను. 15 ఏళ్లు దాటినవాళ్లు ఒక పక్క, అయిదు లోపు వాళ్లు ఒక పక్క, మిగతావాళ్లు మధ్యలో. అనుభవాన్ని బట్టి అవసరం ఉంటుంది కదా అని. సీనియర్లకి పద్యబోధన మీద ఒక అభ్యాసం ఇచ్చాను. వాళ్లలో ఒక పండితుడు గారున్నారు, విద్వాన్ చదివినాయన, ఇంకో ఏడాదిలో రిటైరవుతారు, ఉత్పలమాల అందుకుంటే కిటికీ అద్దాలు అదురుతాయి. ఆయన నా కాగితం చూసి, కళ్లద్దాలు సర్దుకుని, "అమ్మాయ్, నాకు ఛందస్సు నేర్పుతావా?" అన్నారు. హాలంతా నవ్వింది. ఆయన కోపంతో అన్లేదు, నిజంగానే అడిగారు, అది ఇంకా చిన్నతనంగా అనిపించింది నాకు. మెల్లగా దగ్గరికి పిలిచి చొక్కా జేబులోంచి ఫోన్ తీశారు. కొడుకు కొత్తది కొనిచ్చాడట. పద్యం చదివి రికార్డు చేసి పిల్లల వాట్సాప్ గ్రూపులో పెట్టాలని ఆయన కోరిక, ఎలాగో తెలీదు, స్కూల్లో కుర్రాళ్లని అడగడం నామోషీ. మరో పక్క అయిదేళ్ల లోపు గుంపులో అంబత్తూరు నుంచి వచ్చిన అమ్మాయి ఉంది, ఫోన్ మీద వేళ్లు నాట్యం చేస్తాయి, ఆన్‌లైన్ క్విజ్‌లు అవలీలగా తయారుచేస్తుంది, కానీ పద్యాన్ని పైకి చదవమంటే గొంతు పూడుకుపోతుంది. ఆ అమ్మాయికి నేను ఆ పూట క్విజ్ తయారుచేయడం నేర్పిస్తున్నాను! ఒకరికి కావాల్సింది ఇంకొకరి జేబులో ఉంది, నేను వాళ్లిద్దర్నీ హాలుకి ఆ చివర ఒకర్నీ ఈ చివర ఒకర్నీ కూర్చోబెట్టాను.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఒక పని చేశాను. ఖాళీ బిస్కట్ల డబ్బా ఒకటి చేతులు కడుక్కునే కుళాయి పక్కన పెట్టి, చిన్న చిన్న చీటీలు, పెన్సిళ్లు పెట్టాను. పేరొద్దు, స్కూలొద్దు, రేపు క్లాసులోకి వెళ్తే మీకు టెన్షన్ పెట్టే ఒకే ఒక్క విషయం రాసి వెయ్యండి అన్నాను. పెన్సిళ్లు ఎందుకంటే పెన్ను రంగు బట్టి కూడా మనిషిని పట్టేస్తారు మా వాళ్లు.

22 చీటీలు పడ్డాయి. ఒకటి నా పర్సులో ఇప్పటికీ ఉంది. తెలుగు మాటలే, కానీ తమిళ అక్షరాల్లో రాసి ఉంది. మొదట్లో ఒక మాట అర్థం కాలేదు. 'పిల్లల నోట్సు తిత్తడం' అని కనిపించింది, తిట్టడం గురించేమో అనుకున్నాను. రెండోసారి పైకి చదివితే గానీ వెలగలేదు, అది దిద్దడం. తమిళంలో త, థ, ద, ధ నాలుగింటికీ ఒకే అక్షరం కదా. పిల్లల నోట్సు దిద్దాలంటే టెన్షన్, ఒత్తు తప్పో ఒప్పో నాకే తెలీదు, అని ఆ చీటీ సారాంశం. అంటే మా 28 మందిలో ఒకరు తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టి, తమిళ మీడియంలో చదివి, ఏ పరిస్థితుల్లోనో తెలుగు టీచరై, భయం భయంగా క్లాసులోకి వెళ్తున్నారు. ఆ మనిషి ఫారంలో ఏం రాసి ఉంటారు? సృజనాత్మకత.

ఆ రాత్రి ఇంటికెళ్లి రెండో రోజు ప్రణాళిక మొత్తం చింపేశాను. మా ఆయన, ఇంత చేసి మళ్లీ మొదటికొచ్చావా అన్నారు. అవునన్నాను.

రెండో రోజు కుర్చీల వరసలు తీసేసి హాలు నాలుగు మూలలా నాలుగు బల్లలు వేశాం. గోడ మీద చార్టు అంటించి ఒక్కో మూలకి ఒక్కో ప్రశ్న రాశాం, చీటీల్లోంచి తీసినవే. మూడు తరగతులు ఒకే గదిలో ఉంటే ఒకళ్లకి చెప్తున్నప్పుడు మిగతా రెండు తరగతులవాళ్లూ ఏం చేస్తారు? పద్యం పైకి చదవడం ఎలా? ఫోన్‌తో ఏం చేయొచ్చు? ఒత్తులూ గుణింతాలూ ఎలా చెప్పాలి? ఎవరైనా ఎక్కడికైనా వెళ్లొచ్చు, నచ్చకపోతే లేచి ఇంకో మూలకి పోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. ఒక మూల నుంచి ఇంకో మూలకి పోవడానికి జనం మొదట్లో సిగ్గుపడ్డారు, పెళ్లిలో మొదటి బంతికి ఎవరూ కూర్చోనట్టు. తర్వాత కూర్చున్నారు.

ఒక మూల తప్ప. ఒత్తులు, గుణింతాల మూలలో అరగంట దాకా ఒక్కరూ లేరు. అక్కడికెళ్తే నాకు ఒత్తులు రావని నేనే చాటింపు వేసుకున్నట్టు కదా! ఆ చీటీ రాసిన మనిషి హాల్లోనే ఉన్నారు, ఆ బల్ల వైపు చూస్తున్నారు కూడా అయ్యుంటుంది, కానీ కాలు కదలదు. అవసరం తెలుసుకుని దానికి తగ్గ ఏర్పాటు చేస్తే సరిపోతుందనుకున్నాను, తలుపు ఎటు పెట్టానో చూసుకోలేదు.

అప్పుడు నా బ్యాగులో మా మూడో తరగతి పిల్లల పాత నోట్‌బుక్కులు ఒక కట్ట ఉన్నాయి, పాత పేపర్లవాడికి వెయ్యకుండా దాచుకున్నవి. అవి ఆ బల్ల మీద పడేసి చార్టు మీద ప్రశ్న కొట్టేశాను. కొత్త ప్రశ్న: ఈ పిల్లలు ఈ తప్పు ఎందుకు చేస్తున్నారో పట్టుకోండి చూద్దాం. అంతే, పది నిమిషాల్లో ఆ బల్ల చుట్టూ తొమ్మిది మంది చేరారు. ఇప్పుడు తప్పు పిల్లలది, వచ్చినవాళ్లు డిటెక్టివులు.

ఒక నోట్సులో అమ్మ అని రాయమంటే, అ రాసి, మ రాసి దాని నెత్తిన చుక్క పెట్టి, పక్కన ఇంకో మ రాశాడు మా వాడు. ఓఎంఆర్ నుంచి వచ్చినావిడ పెద్ద తప్పు అంది. నేనేం మాట్లాడలేదు. కాసేపటికి నీలం చీర కట్టుకున్న ఒకావిడ, అప్పటిదాకా రెండు రోజులూ నోరు విప్పనావిడ, నెమ్మదిగా "వాడు తప్పు రాయలేదు మేడం, తమిళంలో రాశాడు, అక్షరాలే తెలుగువి" అంది. నిజం. తమిళంలో అమ్మ రాయాలంటే మొదటి మ మీద చుక్క పెడితే పొల్లు, దాని పక్కన రెండో మ. కింద ఒత్తు అనేదే లేదు వాళ్లకి. మనకేమో మొదటిది పైన నిలబడి రెండోది కిందికి దిగుతుంది. ఆవిడ చెప్తూ పోయింది. గాలి అని చెప్తే కాలి అని ఎందుకు రాస్తారంటే తమిళంలో క, గ లకి అక్షరం ఒక్కటే, సందర్భాన్ని బట్టి పలుకుతారు. కె రాసేటప్పుడు పిల్ల ఒక్క క్షణం ఆగుతుంది చూడండి, ఎందుకంటే తమిళంలో ఆ గుర్తు క కంటే ముందే పడుతుంది, మనకి క నెత్తిన పడుతుంది. ఇవన్నీ చెప్తుంటే ఆవిడ చేతిలోకి పెన్సిల్ వచ్చింది, చార్టు మీద రాస్తోంది, రాస్తూ రెండు చోట్ల ఒత్తు తప్పు వేసింది, తనే చూసుకుని దిద్దుకుంది. 21 ఏళ్లుగా తెలుగు చెప్తున్నాను, ఆ నోట్సులు దిద్దింది నేనే, ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టింది నేనే. ఎందుకలా రాశాడో నాకు తట్టలేదు. తమిళ మీడియంలో చదువుకున్నావిడకి తట్టింది. ఆ చీటీ ఆవిడదేనా అని నేను అడగలేదు, అడగను కూడా.

అన్నీ ఇలాగే బ్రహ్మాండంగా నడిచాయని అనుకోకండి. ఫోన్ మూల సగం పూట వృథా, ఆ హాల్లో సిగ్నల్ లేదు, అందరూ మెట్ల మీదికెళ్లి నిలబడ్డారు. మూడు తరగతుల మూలలో మాటలు బాగా నడిచాయి గానీ, చివరికి ఒకాయన ఇవన్నీ బాగానే ఉన్నాయమ్మా, మధ్యలో హెడ్మాస్టర్ పిలిచి ఏదో లిస్టు ఎంట్రీ చెయ్యమంటాడు, అప్పుడు ఏ మూలకి పోవాలి అన్నాడు, దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంకొకాయన రెండు రోజులూ ఏ మూలకీ వెళ్లలేదు, మధ్యలో కుర్చీ వేసుకుని పేపర్ చదివాడు, సర్టిఫికెట్ కోసం వచ్చానని ముందే చెప్పాడు, నిజాయితీపరుడు. ఆయన చదివింది మీ పేపరే, మీకు సంతోషం కలిగించే విషయం అదొక్కటే ఉంది ఈ ఉత్తరంలో.

ఇప్పుడు అసలు అడగాల్సింది అడుగుతాను. రాష్ట్రమంతా టీచర్లకి ఒకే శిక్షణ ఇవ్వడంలో ఉన్న కష్టం నాకు తెలుసు. లక్షల మంది, వందల బ్లాకులు, మనిషి మనిషికీ ఒక పీపీటీ తయారు చెయ్యమని ఎవరూ అడగడం లేదు. కానీ మూడు రోజుల ట్రైనింగులో ఒక్క రోజు ఖాళీగా వదలండి. ఆ రోజు స్లైడు వద్దు, ఫోటో వద్దు, సెషన్ నంబరు వద్దు. మొదటి రోజు చీటీల్లో ఏం పడితే దాన్ని బట్టి మూడో రోజు ఉండాలి, అది ఆర్పీ చేతిలో ఉండాలి, పై నుంచి కాదు. మా వర్క్‌షాప్‌కి ఇందుకు అదనంగా అయిన ఖర్చు నాలుగు చార్టులు, ఒక బిస్కట్ల డబ్బా, అందులో బిస్కట్లు అంతకు ముందే తినేశారు. ఇంకోటి, అవసరాలు అడిగే ఫారంలో పేరు రాయించొద్దు. పేరు రాయిస్తే మీకు అందేవి గొప్ప గొప్ప మాటలే. అడిగి కూడా ఆ ప్రకారం ఏమీ మార్చే ఉద్దేశం లేకపోతే అసలు అడగకండి, అడిగి పక్కన పెట్టేస్తే వచ్చేసారి చీటీలు కూడా ఖాళీగా పడతాయి. మా సీనియర్లని సీనియర్లని చెప్పి ఒక పక్కన కుర్చీల్లో కూర్చోబెట్టి శాలువా కప్పడం కూడా కాస్త తగ్గించండి, మా పండితుడు గారికి శాలువా అక్కర్లేదు, ఆ ఫోన్‌లో రికార్డు బొత్తం ఎక్కడుందో చెప్పేవాళ్లు కావాలి.

మీ విలేకరిని ఎవర్నైనా ఈసారి ట్రైనింగుకి పంపేటప్పుడు, నిద్రపోయేవాళ్ల ఫోటో తీసే ముందు, ఆ గంట తెర మీద ఏం నడుస్తోందో అది కూడా ఒక ఫోటో తీయమనండి.

పండితుడు గారి సంగతి చెప్తానన్నాను. అంబత్తూరు అమ్మాయి పద్యాల మూలలో ఆయన దగ్గర గంటన్నర కూర్చుంది, ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నేర్చుకుంది, భోజనాలయ్యాక మెట్ల మీద ఆయన పక్కన కూర్చుని రికార్డింగు నేర్పింది. "తాతగారూ, వదలకుండా నొక్కి పట్టుకోవాలి" అని పదిసార్లు చెప్పడం నాకు వినిపించింది. పోయిన వారం రాత్రి తొమ్మిదింటికి ఆయన దగ్గర్నుంచి నాకు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. రెండు నిమిషాల పది సెకన్లు. మొదటి 40 సెకన్లు పద్యం, కంచు మోగినట్టుంది. తర్వాత కాసేపు ఫ్యాను చప్పుడు. తర్వాత లోపల్నుంచి ఆయన భార్య గొంతు, పాలు తోడు పెట్టాలా వద్దా అని. చివర్లో ఫోన్‌కి బాగా దగ్గరగా ఆయన గొంతు: "ఇది ఆగడం లేదే, ఆ అమ్మాయి ఏం నొక్కమందో..."

ఇట్లు,
ఒక తెలుగు టీచరు,
ఉత్తర చెన్నై